అద్దం వెనక జ్ఞాపకం

చనిపోయినవాడు రెండు గంటలపాటు చెవిలో మాట్లాడాడంటే నమ్మే మనిషి కాదు నత్త. కానీ ఆ మాట అంటున్నది దారిన పోయే దానయ్య కాదు, రేపు ఉదయం మంత్రిగా ప్రమాణం చేయబోతున్న పెద్దాయన. ఆయన మాట నిజమైతే వంటింట్లో కానిస్టేబుల్ కాపలాలో కూర్చున్న ఆడమనిషి హంతకురాలు. అబద్ధమైతే ఆ ఇంట్లోనే ఇంకెవరో హంతకులు.

నత్త అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తోటివాడు తగిలించిన తోక అది. ఒక గదిని చూసి రమ్మంటే పూట గడిపేసేవాడు. ఒక మనిషిని ప్రశ్నించమంటే ఆ మనిషి అమ్మమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నా తోక మాత్రం ఊడలేదు. ఆ తోక తగిలించినవాడు ఇప్పుడు ఇన్‌స్పెక్టర్. అతన్ని ఊరంతా తుఫాను అంటుంది, వచ్చాడంటే ఎవరో ఒకర్ని ఎత్తుకుపోవలసిందే కనుక. ఈసారి అతను ఎంచుకున్నది చనిపోయినవాడి సొంత చెల్లెల్ని.

నత్తను పిలిపించింది పెద్దాయన భార్య. ఊళ్ళో అందరికీ ఆవిడ అమ్మగారు. "సాయంత్రం ఆయన రాజధానికి బయల్దేరతారు. కారు గేటు దాటగానే ఆ తుఫాను దీన్ని జీపెక్కిస్తాడు. ఏళ్ళ తరబడి నా వంటింట్లో ఉన్న మనిషి, నోట్లో నాలుక లేని మనిషి. ఆలోపు మీరేమైనా చెయ్యగలిగితే చెయ్యండి" అని ఫోన్ పెట్టేసింది. నత్త అన్నం మధ్యలో లేచి వచ్చాడు. అతను అంత తొందరపడటం ఇంట్లోవాళ్ళు కూడా ఎప్పుడూ చూడలేదు.

పెద్దాయన గురించి ఊరు చెవి కోసుకునే సంగతి ఒక్కటే. ఒకసారి చూసిన మనిషిని ఆయన మర్చిపోడు. వార్డు సభ్యుడిగా ఉన్నప్పుడూ అంతే, పురపాలక ఛైర్మన్ అయ్యాకా అంతే, శాసనసభకు రెండుసార్లు గెలిచాకా అంతే. ఎదుట నిలబడ్డ మనిషి ఏం పని చేస్తాడో, ఎవరి తాలూకో, ఇంట్లో ఏం కష్టముందో గడగడా చెప్పి భుజం మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి పడిన భుజం తాలూకు ఇల్లంతా ఆయనకే ఓటేసేది.

ఆ జ్ఞాపకశక్తి ఆయనది కాదన్న సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు. వార్డు రోజుల్లో ఆయన వెనక ఒక మనిషి గొడుగు పట్టుకుని నడిచేవాడు, గొడుగు చాటునుంచి గొణిగేవాడు. ఇంట్లో అందరూ అతన్ని జ్ఞాపకం అనే పిలిచేవారు. ఛైర్మన్ అయ్యాక జ్ఞాపకం కుర్చీ వెనక తెర చాటుకు వెళ్ళాడు. శాసనసభ్యుడయ్యాక తెర పోయి పక్కగది వచ్చింది. ఆ గదికీ హాలుకీ మధ్య గోడలో నిలువెత్తు అద్దం బిగించారు. హాల్లోంచి చూస్తే మామూలు అద్దం, గదిలోంచి చూస్తే కిటికీ. గదిలో మైకు పెట్టారు, పెద్దాయన చెవిలో వినికిడి యంత్రంలాంటి బుల్లి పరికరం పెట్టారు. పాపం పెద్దాయనకు కాస్త చెవుడు అని ఊరు జాలిపడింది. నాయకుడు ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా జ్ఞాపకం ఒక్కో అడుగు వెనక్కి వేశాడు. చివరికి అతని పడకా భోజనమూ కూడా ఆ గదిలోనే అయిపోయాయి.

ఈ రోజు ఉదయం ఎనిమిదికి పెద్దాయన ఎప్పటిలాగే హాల్లో కూర్చున్నాడు. జనం దాన్ని దర్బారు అంటారు. పది దాటాక ఆఖరి మనిషిని పంపించేసి, పక్కగది తలుపు తట్టాడు. ఎవరూ పలకలేదు. తాళం తీయించి చూస్తే జ్ఞాపకం మైకు ముందు కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు. ముఖం మీద దిండు నొక్కి ఊపిరాడకుండా చేశారని డాక్టరు చెప్పాడు. అక్కడితో ఆగకుండా, దవడా మెడా బిగుసుకున్నాయి కాబట్టి ప్రాణం పోయింది తెల్లవారకముందేనని కూడా చెప్పాడు. గొడవంతా ఆ రెండో మాటతోనే వచ్చింది.

వంటింట్లో చెల్లెలు పొయ్యికి వీపు ఆనించి కింద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. నత్త కూడా ఆమె ఎదురుగా నేలమీదే చతికిలబడ్డాడు.

"కాఫీ ఎన్నింటికి ఇచ్చావమ్మా?"

"తొమ్మిదింటికండీ. ఆ గది గోడలో చిన్న కంత ఉంది, దానికి లోపల తెర ఉంటుంది. అందులోంచి గ్లాసు పెడతా. అన్నయ్య పలకడు, పలికితే అయ్యగారి చెవిలో పడుతుందిగా. అందినట్టు బల్ల మీద వేలితో రెండుసార్లు కొడతాడు."

"ఈ రోజు కొట్టాడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "కాసేపు నిలబడ్డానండీ. గ్లాసు అక్కడే ఉండిపోయింది. కానీ హాల్లో అయ్యగారు ఒక్కొక్కళ్ళనీ పలకరించడం వినబడుతూనే ఉంది. వాళ్ళెవరో, వాళ్ళ కష్టమేంటో అన్నీ చెబుతున్నారు. ఇంకేం, అన్నయ్య పనిలో ఉన్నాడనుకుని వచ్చేశా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను వచ్చేశానండీ. అప్పటికే పోయి ఉంటే, నేను శవానికి కాఫీ ఇచ్చి వచ్చేశాను."

కాపలా కానిస్టేబుల్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నత్త ఆమెకు మంచినీళ్ళు అందించి, తాగేదాకా ఆగాడు.

"తలుపుకి తాళంచెవులెన్ని?"

"రెండు. ఒకటి అన్నయ్య దగ్గర, ఇంకోటి ఇదిగో ఈ మేకుకి. తీసింది నేనే. తీయగానే అయ్యగారు నన్ను పక్కకి నెట్టేసి లోపలికెళ్ళారు. అన్నయ్యని కావలించుకుని చాలాసేపు ఏడ్చారు. తరవాత పోలీసులొచ్చి చూస్తే అన్నయ్య తాళంచెవి చొక్కా జేబులోనే ఉందట. అందుకే అందరూ నా మీద పడ్డారు."

"మీ అన్నయ్యకి ఎవరితోనైనా మాటా మాటా వచ్చిందా?"

"అన్నయ్యకా? ఎవరితో మాట్లాడేవాడని? పోయిన వారం మాత్రం రాజధానికి రానన్నాడు. నా గొంతు అరిగిపోయింది, ఇక్కడే ఉండిపోతా, అరుగు మీద ఎండలో కూర్చుని నాలుగు మాటలు బయటి మనుషులతో చెప్పుకుంటా అన్నాడు. అయ్యగారు ఒక్క మాట అనలేదు. సరే నీ ఇష్టం అన్నారు."

నత్త ఆ మాటల్ని మనసులో ఒక పక్కన పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచాడు. దారిలో ఆ కంత దగ్గర ఒకసారి ఆగి చూశాడు.

హాల్లో ఖాళీ కుర్చీలు వరసగా ఉన్నాయి. పెద్దాయన తన కుర్చీలోనే కూర్చుని అద్దం వంక చూస్తున్నాడు. కారు సిద్ధంగా ఉన్నా ఆయన లేవలేదు. తుఫాను కిటికీ దగ్గర నిలబడి సిగరెట్ తిప్పుతున్నాడు.

నత్త ఎదురుగా వెళ్ళి నిలబడగానే పెద్దాయన చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్ళింది. ఒక క్షణం అద్దం వైపు చూశాడు. ఎవరో చెబుతారని ఎదురుచూసినట్టే ఉంది. తరవాత చెయ్యి దించేశాడు.

"ఎవరు బాబూ మీరు? ఇక నాకు ఎవరూ ఎవరో తెలియదు. నా జ్ఞాపకం పోయింది" అన్నాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

"అమ్మగారు పిలిచారండి. డిటెక్టివ్‌ని. ఉదయం దర్బారులో ఆయన గొంతు మీకు చివరిదాకా వినిపించిందా?"

"చివరి మనిషి దాకా. ఒక్కరి దగ్గర కూడా తడబడలేదు. గడియారాలు బాగుచేసే ఆయన వచ్చాడు, కూతురికి కాన్పు కష్టమైందని జ్ఞాపకం చెప్పాడు. ఐస్ ఫ్యాక్టరీ కూలీ వచ్చాడు, తమ్ముడు ఇల్లొదిలి పోయాడని చెప్పాడు. ముప్పయి నలభై మంది. కాకపోతే..." పెద్దాయన చేతులు ఒకదాంతో ఒకటి రుద్దుకున్నాడు. "గొంతు కాస్త చల్లగా ఉంది. చెవిలో చలిగాలి పోయినట్టు. జలుబు చేసిందేమో అనుకున్నాను."

"ఆయన గొంతేనా?"

"గుసగుసకి గొంతేముంటుంది నాయనా, ఎవరు గొణిగినా ఒకటే."

తుఫాను ఇటు తిరిగాడు. "సరిపోయిందా నత్తగారూ? మనిషి పది దాకా బతికే ఉన్నాడు. కాఫీ పేరుతో చెల్లెలు వెళ్ళింది, తాళం తీసింది, పని కానిచ్చింది. డాక్టరుకి వయసైపోయింది, కళ్ళద్దాలు మార్చుకోవాలి."

"చెల్లెలు వెళ్ళింది తొమ్మిదింటికి. మరి ఆ తరవాత గంటసేపు చెప్పిందెవరు?"

"తొమ్మిదింటికో, పదింటికో. ఆవిడ చెప్పిందే వేదమా?"

"వేదం కాదు. కంతలో గ్లాసు ఇంకా అలాగే ఉంది, మీగడ కట్టి. పదింటికి పెట్టి ఉంటే నువ్వు వచ్చేసరికి వేడిగానే ఉండాలి, ముట్టుకుని చూశావా?"

తుఫాను ముఖం మాడిపోయింది. గ్లాసును అతను చూడనే లేదు. "అయితే నువ్వేమంటావ్? దెయ్యం దర్బారు నడిపిందంటావా?"

"చంపినవాడే పక్కన కూర్చుని చెప్పి ఉండొచ్చుగా."

"చెప్పడానికి తెలియాలిగా. ఊళ్ళో ఇంతమంది మనుషులు, ఇంతమంది కష్టాలు తెలిసిన రెండో తలకాయ ఎక్కడుంది? ఉంటే చూపించు, ఇప్పుడే బేడీలు వేస్తా." తుఫాను పెద్దాయన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మీరు బయల్దేరండి సార్. ఈయన ప్రశ్నలు అడగడం మొదలుపెడితే మీ పదవీకాలం ఇక్కడే పూర్తవుతుంది."

ఒప్పుకోవడానికి కష్టంగా ఉన్నా, తుఫాను అన్నది సబబే. రెండో తలకాయ లేదు. నత్త పెద్దాయన చెవిలోని పరికరం ఒకసారి ఇవ్వమని అడిగాడు. ఆయన కాదనలేదు. తీసి, అరచేతిలో పెట్టుకుని చూసి, నిట్టూర్చి ఇచ్చేశాడు. నత్త దాన్ని రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని వరండాలోకి వచ్చాడు.

దర్బారు ముగిసి గంటలైంది. అయినా వరండా చివర స్తంభానికి ఆనుకుని ఒక ఆడమనిషి ఇంకా కూర్చునే ఉంది. మెడలో టేపు, పమిటకు గుచ్చిన రెండు సూదులు చూస్తే కుట్టుపని చేసుకునే మనిషని తెలుస్తోంది.

"ఎందుకమ్మా ఇంకా ఉన్నావు?"

"మా ఆయన కోసం బాబూ. ఇక్కడే రాత్రి కాపలా. తెల్లారి ఇంటికి రాలేదు, పగలు కూడా ఉండమన్నారేమో అనుకున్నా. వెనక వసారాలో ఉంటాడు, లోపలికి పోనివ్వట్లేదు."

"ఉదయం దర్బారుకి వచ్చావా?"

"మొదట్లోనే వచ్చా. బజారులో మిషను పెట్టుకోవడానికి చోటు అడుగుదామని." ఆమె టేపు కొస వేలికి చుట్టుకుంది. "ఒక మాట అడగనా బాబూ? పెద్దాయన ఎప్పుడైనా పొరపాటు పడతాడా?"

"ఏమైంది?"

"నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇంత దుఃఖంలో కూడా వచ్చావా తల్లీ, పోయినవాడు ఎలాగూ పోయాడు, పిల్లల కోసమైనా ధైర్యం తెచ్చుకో అన్నాడు. ఎవరు పోయారయ్యా అన్నా. నీ భర్త అమ్మా అన్నాడు. మా ఆయన నిక్షేపంగా ఉన్నాడయ్యా, మీ ఇంట్లోనే కాపలా అని చెప్పా. ఒక్కసారి మనిషి అలా ఉండిపోయాడు. తరవాత నవ్వేసి, సరేనమ్మా, చోటు ఇప్పిస్తాలే అని పంపించేశాడు." ఆమె కళ్ళెత్తి నత్త వంక చూసింది. "ముప్పయ్యేళ్ళలో ఆయన ఒక్కరి విషయంలో కూడా తప్పు చెప్పలేదంటారు. అందుకే ఇంటికి పోబుద్ధి కావట్లేదు బాబూ. భయమేస్తోంది."

భయం నత్తకూ వేసింది. అతను ఆమెను అక్కడే కూర్చోమని చెప్పి, తన జీవితంలో ఎప్పుడూ నడవనంత వేగంగా హాల్లోకి నడిచాడు.

"కుట్టుమిషనావిడ భర్త పోయాడని మీకెవరు చెప్పారు?"

పెద్దాయన అద్దం వైపు చూశాడు, అద్దంలోంచి నత్త వైపు చూశాడు. "ఇంకెవరు? జ్ఞాపకమే."

"ఆవిడకే తెలియని సంగతి గదిలో కూర్చున్న మనిషికి ఎలా తెలిసింది?"

"అదే నాకూ అర్థం కాలేదు." ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "నువ్వు నన్ను పిచ్చివాడనుకున్నా పరవాలేదు. డాక్టరు చెప్పిందే నిజమైతే, వాడు అప్పటికే అవతలి గట్టున ఉన్నాడు. అక్కడున్నవాళ్ళకి అక్కడికొచ్చినవాళ్ళు కనబడతారేమో."

తుఫాను వేళ్ళ మధ్యనుంచి సిగరెట్ జారి కింద పడింది. దాన్ని తీసుకోవాలన్న ధ్యాస కూడా అతనికి లేకపోయింది.

"వెనక వసారా ఎక్కడ?" అన్నాడు నత్త.

వసారాలో కాపలావాడి స్టూలు ఉంది, టార్చి ఉంది, చెప్పులు ఉన్నాయి. చెప్పుల జత ఒక్కచోట లేదు. ఒకటి స్టూలు కింద, రెండోది పది గజాల అవతల నీళ్ళ సంపు దగ్గర పడి ఉంది. జ్ఞాపకం గది తలుపు ఆ స్టూలుకి సూటిగా ఎదురుగా ఉంది. స్టూలు మీద కూర్చున్నవాడికి ఆ తలుపు తీసినవాళ్ళు, మూసినవాళ్ళు కనబడి తీరతారు.

సంపు మూత ఇద్దరు కానిస్టేబుళ్ళు పట్టి లేపారు. కాపలావాడు నీళ్ళలో బోర్లా తేలుతున్నాడు. తల వెనక పెద్ద గాయం ఉంది. ఆ ఇంట్లో పొద్దుటినుంచీ అందరూ ఆ నీళ్ళే వాడారని గుర్తొచ్చి ఒక కానిస్టేబుల్ గోడ పక్కకి పరుగెత్తాడు.

నత్త తుఫాను భుజం పట్టుకుని పక్కకి లాగాడు. "విను. కుట్టుమిషనావిడ వచ్చింది దర్బారు మొదట్లో. అప్పటికే వీడు నీళ్ళలో ఉన్నాడు. గదిలోకి ఎవరు వెళ్ళారో చూశాడు కాబట్టి చచ్చాడు. అంటే రెండు చావులూ రాత్రివే, డాక్టరు కళ్ళద్దాలు బాగానే ఉన్నాయి. చెల్లెలు రాత్రి ఎక్కడుందో కనుక్కున్నావా?"

సమాధానం వసారా గుమ్మంలోంచి వచ్చింది. అమ్మగారు చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది.

"నా మంచం పక్కనే ఉంది. నా మోకాళ్ళ నొప్పి సంగతి మీ అందరికీ తెలిసిందే, రాత్రంతా కాళ్ళు పడుతూనే ఉంది. గది గడియ లోపలినుంచి నేనే వేశాను, తెల్లారి నేనే తీశాను. నన్నెవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు ఇన్‌స్పెక్టర్‌గారూ. మీరు తొందరలో ఉన్నారు."

తుఫాను మెడ ఎర్రబడింది. కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. చెల్లెల్ని వదిలేశారు. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి అమ్మగారి భుజం మీద వాలిపోయింది. గేటు వైపునుంచి కుట్టుమిషనావిడ కేక ఒక్కటే వినిపించింది, తరవాత ఏడుపు కూడా లేదు. నత్త మనసు కలుక్కుమంది. ఒకరిని జైలునుంచి తప్పించిన సంతోషం అతనికి ఆ కేకతోనే సగం పోయింది.

"దీన్ని మా అక్క ఇంటికి పంపించేస్తున్నాను" అంది అమ్మగారు. చెల్లెలు కారెక్కేదాకా చూసి, నత్తకు దగ్గరగా వచ్చింది. "మీకొకటి చెప్పాలి. ఆయన మొదటిసారి వార్డుకి నిలబడ్డప్పుడు పోటీకి నిలబడ్డ మనిషి నదిలో పడి చచ్చిపోయాడు. అందరికంటే ముందు వాళ్ళింటికి పరామర్శకి వెళ్ళింది మావారే. నేనూ పక్కనే ఉన్నాను. అతని భార్య ఏడవలేదు. మా ముఖాలు చూసి తెల్లబోయింది, ఎందుకంటే ఆవిడకి అప్పటికి తెలియదు. శవం దొరికింది మర్నాడు. మావారి వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డది జ్ఞాపకం."

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"ఎవరికి చెప్పను? కాపురం చేస్తున్నాను కదా" అని ఆవిడ కర్ర తాటించుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

తుఫాను సంపు దగ్గర ఫోటోలు తీయిస్తున్నాడు. పక్కగదికి తాళం వేసి లేదు. నత్త ఒక్కడే లోపలికి వెళ్ళాడు. స్ప్రింగు తలుపు వెనకాలే మూసుకుంది.

శవాన్ని ఎప్పుడో తీసుకెళ్ళిపోయారు, మిగిలింది మంచం, కుర్చీ, బల్ల, మైకు. మైకు మీది స్పాంజి ఏళ్ళ ఊపిరికి మధ్యలో గుంట పడి ఉంది. కుర్చీ చేతుల మీద రంగు అరిగి చెక్క తేలింది. ఎదురుగా అద్దంలోంచి హాలంతా కనిపిస్తోంది, చివరి కుర్చీలో కూర్చున్నవాడి చొక్కా గుండీ కూడా లెక్కపెట్టొచ్చు. హాల్లో ఇప్పుడు ఎవరూ లేరు. పెద్దాయన కుర్చీ కూడా ఖాళీగా ఉంది.

నత్త మైకు మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. మైకు బాగానే ఉంది. రుమాల్లోంచి పరికరం తీసి చెవిలో పెట్టుకుని, జ్ఞాపకం కూర్చున్న కుర్చీలో కూర్చుని, వంగి మెల్లగా గొణిగాడు. "నత్త. వృత్తి డిటెక్టివ్. పిల్లలు లేరు."

చెవిలో ఏమీ వినిపించలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. అప్పుడూ అంతే. తన గొంతు గదిలో వినిపించిందే తప్ప చెవిలో గుర్రుమన్న చప్పుడు కూడా లేదు.

పరికరం తీసి దీపం కిందకి తెచ్చాడు. వెనక బ్యాటరీ పెట్టే చిన్న మూత ఉంది. అది గోటికి లొంగలేదు, కత్తి మొనతో తీయాల్సి వచ్చింది. లోపల బ్యాటరీ కారిపోయి, పచ్చగా పొక్కి, రాయిలా గట్టిపడి ఉంది. ఆ తుప్పు నిన్నటిదీ కాదు, పోయిన ఏడాదిదీ కాదు.

రెండో తలకాయ ఎక్కడుందో చూపించమన్నాడు తుఫాను. అది హాల్లో, కుర్చీలో, అందరి కళ్ళముందే ఉంది. ఈ ఉదయం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈ ఉదయమే కాదు, ఏళ్ళుగా ఎవరూ ఏమీ చెప్పలేదు. పెద్దాయనకి ఎవరి సాయమూ అక్కర్లేదు, ఊళ్ళో ప్రతి ముఖమూ ప్రతి కష్టమూ ఆయన తలలోనే ఉన్నాయి. జ్ఞాపకం లేకపోతే నాయకుడు లేడని నమ్మించి, నది సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషిని ఈ గదిలో కూర్చోబెట్టాడు. ఆ పిచ్చివాడు రోజూ ఉదయం ప్రాణం పెట్టి ఈ మైకులో గొణిగాడు. ఎవరూ వినలేదు. అతను బయటికొచ్చి అరుగు మీద కూర్చుని మనుషులతో మాట్లాడతానన్న రోజున ముఖం మీదికి దిండు వచ్చింది. రాత్రి జ్ఞాపకం తాళంచెవితో తలుపుకి బయట తాళం వేసిన చెయ్యే, ఉదయం శవాన్ని కావలించుకుని ఏడుస్తూ ఆ తాళంచెవిని తిరిగి అతని జేబులో పెట్టింది. ఇంత జాగ్రత్తపడ్డ మనిషి ఒక్కచోటే పప్పులో కాలేశాడు. కొత్త విధవరాలు ఎదుటికొచ్చేసరికి అలవాటు ఆగలేదు. చెయ్యి నెత్తి మీదికి వెళ్ళింది, నోరు ఓదార్పు చెప్పేసింది.

నత్త పరికరాన్ని మళ్ళీ రుమాల్లో చుట్టాడు. తుఫానుకి చెప్పాలని లేవబోతుండగా జేబులో ఫోన్ మోగింది. ఇంటినుంచి.

"ఏవండీ." భార్య గొంతు. "మీరేనా?"

"నేను కాక నా ఫోన్లో ఇంకెవరుంటారు?"

అవతల ఆమె ఏడ్చేసింది. "పెద్దాయన ఫోన్ చేశారండీ. ఇప్పుడే, పెట్టేసి మీకు చేస్తున్నా. ఎప్పుడో పెళ్ళైన కొత్తలో మా తమ్ముడి పని కోసం ఒక్కసారి వెళ్ళాను ఆయన దగ్గరికి. నా గొంతు వినగానే గుర్తుపట్టారు. తమ్ముడి కాలు ఎలా ఉందని అడిగారు, మా నాన్న పోయిన సంగతి కూడా అడిగారు."

"ఇంకేమన్నారు?"

"మీరు పోయారన్నారు. చాలా మంచివాడమ్మా, చివరిదాకా పనిలోనే ఉన్నాడు, ధైర్యం తెచ్చుకో, నీకే కష్టమొచ్చినా నేనున్నాను అన్నారు. నేను అరిచేశాను. ఏంటండీ ఇది? మీరు ఎక్కడున్నారు?"

నత్త తలెత్తాడు. అద్దానికి అవతల హాల్లో పెద్దాయన తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. ఫోన్ చొక్కా జేబులో వేసుకుని, జేబు మడత సర్దుకున్నాడు. అటునుంచి చూసేవాడికి అద్దంలో తన ముఖం తప్ప ఏమీ కనబడదు. అయినా ఆయన కళ్ళు సరిగ్గా నత్త కూర్చున్న చోటే ఆగి ఉన్నాయి. ఆ కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

"నేను బాగానే ఉన్నాను" అన్నాడు నత్త. గొంతు దానంతటదే గుసగుసలోకి దిగిపోయింది. "నువ్వు వెంటనే మీ తమ్ముడింటికి వెళ్ళిపో. నేను పిలిచేదాకా ఎవరికీ తలుపు తీయొద్దు."

ఫోన్ జేబులో వేసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి పిడి పట్టుకుని లాగాడు. తలుపు రాలేదు, బయటనుంచి తాళం పడింది.